సిమ్ సాకెట్ మార్చాలంటే ముందు ఫ్యాన్ ఆపాలి

ఈ పూట బల్ల మీదికి వచ్చింది మైక్రో సిమ్ సాకెట్ ఉన్న పాత ఫోన్ బోర్డు. ఆరు పిన్నుల్లో రెండు పైకి లేచి విరిగాయి. నానో సిమ్‌ను అడాప్టర్‌లో పెట్టి దూర్చి, తర్వాత బలంగా లాగితే ఇంతే. అడాప్టర్ లోపలి అంచుకు స్ప్రింగు పిన్ను కొక్కెంలా తగులుకుంటుంది. అలా ఇరుక్కున్నప్పుడు పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ను సన్నగా కత్తిరించి కార్డుకీ పిన్నులకీ మధ్య దూర్చాలి. పిన్నులు అణిగి కార్డు జారి వస్తుంది. మా బెజవాడ గవర్నర్‌పేట ఫోన్ షాపుల్లో ప్రతి కౌంటర్ మీదా ఈ ముక్క ఒకటి ఉంటే ఎన్ని సాకెట్లు మిగులుతాయో!

బ్యాటరీ తీసి, చుట్టూ వేడి తట్టుకునే కాప్టన్ టేపు వేశాక ఫ్యాన్ ఆపాలి. బెజవాడ ఎండల్లో అది కష్టమే. కానీ గాలి తగిలితే బోర్డు ఒకపక్క కాగి, మరోపక్క చల్లారుతుంది.

పాత సాకెట్ తీయడంలోనే అసలు పనితనం. దాని రేకు కాళ్లు గ్రౌండ్ (బోర్డంతా పరుచుకున్న రాగి పొర) మీద ఉంటాయి, వేడినంతా అదే లాగేసుకుంటుంది. కంపెనీ వేసిన సీసం లేని టంకం కరగడానికి 217 డిగ్రీలు దాటాలి. అందుకే ఫ్లక్స్ (టంకం బాగా పారేలా చేసే పేస్టు) పెట్టి, ప్రతి కాలికీ 63/37 లెడ్, అంటే 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిసిన టంకం దండిగా పట్టించాలి. అది 183 దగ్గరే కరుగుతుంది, రెండూ కలిస్తే పాతది కూడా తొందరగా వదులుతుంది. తర్వాత హాట్ ఎయిర్ (వేడిగాలి ఊదే గన్) 350 డిగ్రీల్లో, గాలి తక్కువగా, నాజిల్ తిప్పుతూ ఉండాలి. పట్కారుతో మెల్లగా తాకితే సాకెట్ తేలినట్టు కదలాలి, అప్పుడే ఎత్తాలి. ఒక్క కాలు కరగకుండా లాగినా దాని కింది ప్యాడ్ (బోర్డు మీది రాగి బిళ్ల) ఊడి వస్తుంది. ఆపైన సన్నటి ఎనామిల్ తీగతో జంపర్ వేసి, యూవీ మాస్క్ పూసి యూవీ లైటు కింద గట్టిపరచాలి. అదంతా తప్పించుకోగలిగిన చాకిరీ.

మిగిలిన లెడ్‌ను విక్‌తో (టంకం పీల్చే రాగి అల్లికతో) తీసేటప్పుడు రుద్దకూడదు, అద్ది ఎత్తాలి. ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో) తుడిచి, మీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి, రెడ్ ప్రోబ్ గ్రౌండ్‌కి, బ్లాక్ ప్రోబ్ ప్యాడ్‌కి తగిలించి చూడాలి. సిమ్ రీసెట్, క్లాక్, డేటా ప్యాడ్లు మూడూ ఇంచుమించు ఒకేలా చూపించాలి. వాటిలో ఒకటి మాత్రం ఓపెన్ అని చూపిస్తే ఆ దారి ఎక్కడో తెగింది, సాకెట్ మార్చినంత మాత్రాన కుదరదు.

కొత్త సాకెట్‌కు హాట్ ఎయిర్ వద్దు. చవక రకం ప్లాస్టిక్ వంగిపోతుంది. చచ్చిన బోర్డు నుంచి జాగ్రత్తగా తీసిన ఒరిజినల్ దొరికితే దానికే నా ఓటు, దాని స్ప్రింగుల బిగువు వేరు. ముందు ఒక మూల రేకు కాలు అంటించి, లెన్సు కింద పిన్నులన్నీ ప్యాడ్ల మీద కూర్చున్నాయో లేదో చూసి, ఎదురు మూల అంటించాలి. పిన్నులు ఆఖర్న. ఫ్లక్స్ చుక్కంటే చుక్కే. ఎక్కువైతే లోపలికి పాకి స్ప్రింగుల మీద పేరుకుంటుంది. ఈరోజు సిమ్ పట్టిన ఫోన్ వారానికి "ఇన్సర్ట్ సిమ్" అంటుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా సిమ్ చూపించకపోతే కార్డు లోపల ఉందో లేదో ఫోన్‌కి చెప్పే డిటెక్ట్ పిన్ చూడాలి. కార్డు పెట్టినప్పుడు, తీసినప్పుడు మీటర్ బజర్ మోత మారకపోతే తప్పు అక్కడే.