ఉప్పు నీళ్ల సీసా

నిద్ర పట్టట్లేదు. రొయ్యల చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడని అమ్మతో అన్నాను గానీ అది నాలుగేళ్లుగా ఉన్నదే. ఇప్పుడు కరెంటు పోయి ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వస్తోంది మా ఇంట్లో.

దాళ్వా పంట మాసూళ్లు అయిపోయాయి, కాలువలు కట్టేశారు, చెరువులు తవ్వే పొక్లెయిన్లు దిగాయి. మావాడూ దింపాడు. మావాడంటే, అమ్మకి బాగోనప్పుడు అర్ధరాత్రి లక్ష రూపాయలు తువ్వాల్లో చుట్టుకుని ఆస్పత్రికి వచ్చినవాడే. వాడి చేను పక్కనే మాది కాబట్టి, చెరువు తవ్వితే నాకేం అభ్యంతరం లేదని పోయిన వారం కాగితం మీద సంతకం పెట్టేశాను. రొయ్యల చెరువు పడ్డాక గట్టు అవతలికి ఉప్పు ఊరుతుందని, రెండు సార్వా పంటలు దెబ్బతిన్నాక అవతలి రైతు కూడా చేను చెరువులకే లీజుకివ్వక తప్పదని నాకు తెలియదా? తెలిసే పెట్టాను. పెడుతూ కర్ణుణ్ణి తలుచుకున్నాను, నవ్వకండి.

ఆ కర్ణుడు నాకు భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాల్లో, నాటకంలో దొరికాడు. తొమ్మిదేళ్లుంటాయేమో నాకు. తాతయ్య గోనెపట్టా పరిచి, జంతికల పొట్లం నా ఒళ్లో పెట్టి, చలికి తన పంచె కొంగు నా నెత్తి మీద కప్పేవాడు. కృష్ణుడొచ్చి నువ్వు కుంతి కొడుకువి, పెద్దవాడివి, రాజ్యం నీదే, పాండవులు నీ కాళ్లకి మొక్కుతారు అంటాడు. కర్ణుడు వద్దని పద్యం ఎత్తుకున్నాడు. ఆ రాగం తీయడం ఎంతసేపని, హార్మోనియం ఆయన మధ్యలో మొహం తుడుచుకున్నాడు కూడా. జనం వన్స్ మోర్ అన్నారు. మళ్లీ పాడాడు. మళ్లీ వన్స్ మోర్. అలా ఆ రాత్రి కర్ణుడు ముమ్మారు రాజ్యం వద్దన్నాడు, మూడుసార్లూ తాతయ్య ఏడ్చాడు. తరవాత నేను ఒంటికి వెళ్లినప్పుడు తెర వెనక అదే కర్ణుడు కిరీటం చంకలో పెట్టుకుని బీడీ కాలుస్తున్నాడు. అయినా నా దృష్టిలో ఏం తగ్గలేదు.

ఓడిపోతామని తెలిసి కూడా వెళ్లాడు, అదీ మగతనం అనుకుంటూ పెరిగాను. నిజంగానే తెలుసు అతనికి. ఉద్యోగపర్వంలో కృష్ణుడికి తన కల చెబుతాడు: ధర్మరాజు తమ్ముళ్లతో వెయ్యి స్తంభాల మేడ ఎక్కుతున్నాడట, ఎముకల గుట్ట మీద కూర్చుని బంగారు గిన్నెలో నెయ్యి పోసిన పాయసం తింటున్నాడట. నా పుట్టుక సంగతి ధర్మరాజుకి చెప్పకు, తెలిస్తే రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను తీసుకెళ్లి దుర్యోధనుడికిచ్చేస్తాను అని కూడా అంటాడు. ఇంత తెలిసినవాడు అటే నిలబడ్డాడంటే అది ఉప్పు తిన్న రుణం. నా సంతకం కూడా అంతే, అనుకున్నాను సాయంత్రం దాకా.

సాయంత్రం గట్టు మీద ఉండగా అవతలి చేను పెద్దాయన వచ్చాడు. కూల్‌డ్రింక్ సీసాలో వాళ్ల బోరు నీళ్లు. "ఓ గుక్క తాగి చూడండి బాబూ, ఇప్పటికే ఉప్పు తగుల్తోంది. ఇంకో చెరువంటే మేమేం అయిపోవాలండి?" అన్నాడు. మావాడు సీసా కేసి కూడా చూడలేదు. "మంచిదే కదా బాబాయ్, కూరలో ఉప్పు ఖర్చు మిగిలింది నీకు" అన్నాడు.

నేను నవ్వాను.

చిన్న నవ్వేం కాదు, వాడి కంటే గట్టిగా. ఆయన మా ఇద్దర్నీ చూసి, సీసా మూత బిగించి, అది సరిగ్గా పట్టకపోతే విప్పి మళ్లీ బిగించి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొస్తే టీ విరిగిపోయింది. మన బోరూ అంతేగా. టిన్ను నీళ్లతో పెట్టమంటే అమ్మ వినదు, టిన్ను అబ్బాయి రెండు రోజులుగా రాడు, ఫోనెత్తడు, ఎత్తితే దారిలో ఉన్నానంటాడు, ఏ దారిలోనో. పొద్దున కొత్తావకాయ ముద్ద బావుంది. ఇవాళ్టికి అదొక్కటే.

రాత్రి తాతయ్య భారతం దింపి ఆ ఘట్టమే మళ్లీ చదివాను, నన్ను నేను సమర్థించుకోడానికే. అక్కడే ఇంకో మాట ఉంది, ఇన్నేళ్లూ నాకు ఆననిది. దుర్యోధనుడి సంతోషం కోసం పాండవుల్ని పరుషంగా మాట్లాడాను, దానికి ఇప్పుడు కుమిలిపోతున్నానంటాడు కర్ణుడు. యుద్ధం చెయ్యబోతున్నందుకు కాదు ఆ బాధ, అన్న మాటలకి. సభలో ద్రౌపదిని అన్నమాట చూడండి, అది రుణంలో ఏ కంతు? ఎవరడిగారు? దుర్యోధనుడు కూడా అడగలేదు.

సంతకం మావాడు అడిగితే పెట్టాను. నవ్వమని మాత్రం అడగలేదు వాడు.

పొద్దున్నే పాలకి పెద్దాయన ఇంటి ముందు నుంచే వెళ్లాలి. చెరువు గట్ల మీంచి ఇంకో దారి ఉంది గానీ కిలోమీటరు ఎక్కువ, పైగా కుక్కలు.