పూల్ అడుగుకి మెత్తటి సిమెంట్

శనివారం.

ఎండెక్కకముందే నేనూ నాన్నా ఖాళీ స్విమ్మింగ్ పూల్‌లోకి దిగాం. ఇక్కడ న్యూజెర్సీలో చాలా పెరళ్ళలో పూల్ అంటే కాంక్రీటు తొట్టి కాదు. చుట్టూ స్టీలు గోడలు, అడుగున మెత్తటి పొర ఒకటి, దాని మీద వినైల్ లైనర్, అంటే దళసరి ప్లాస్టిక్ షీటు, పరిచి నీళ్ళు నింపుతారు. మాది పాత లైనర్, చిరిగింది. కోసి తీసేస్తే కింద అక్కడక్కడా గుంటలు, ఊడిన పెచ్చులు. సోమవారం కొత్తది వేసేవాళ్ళు వచ్చేలోపు అవి పూడ్చాలి.

ఆ పొర వేసేది వర్మిక్యులైట్, సిమెంట్ కలిపి. అంత పెద్ద సంచినీ నాన్న ఒంటిచేత్తో ఎత్తేసి, "ఏందిరా ఇది, ఉత్త పొట్టా? ఇసక ఏదీ?" అన్నాడు. ఇసక బదులు ఇదే అన్నాను. గుప్పెడు తీసి ఎండలో పట్టుకుంటే తళుక్కుమంది. అభ్రకం గనుల గూడూరు మనిషికి ఆ తళుకు కొత్తా? "అభ్రకం కదరా!" అన్నాడు. దాని చుట్టమే. పొరల మధ్య కాస్త నీరు దాచుకునే ఖనిజం ఇది. బాగా కాలిస్తే ఆ నీరు ఆవిరై పొరల్ని విడదీస్తుంది, గింజ ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. లోపలంతా గాలే, అందుకే అంత తేలిక.

దుమ్ముకి మాస్కు పెట్టుకోమంటే తువ్వాలు చాలన్నాడు. మోంటానాలో లిబ్బీ అనే ఊరి గని కథ చెప్పాల్సి వచ్చింది. అక్కడి వర్మిక్యులైట్‌లో ఆస్బెస్టాస్ కలిసి ఉండి ఎంతోమంది ఊపిరితిత్తులు పాడయ్యాయి, 1990లో గని మూసేశారు. ఇప్పుడొచ్చే సరుకు వేరే గనులదే, అయినా సిమెంట్ దుమ్ము ఎలాగూ మంచిది కాదు. మొత్తానికి పెట్టుకున్నాడు.

బకెట్ కొలతన ఐదు పాళ్ళ వర్మిక్యులైట్‌కి ఒక పాలు సిమెంట్. ఇక్కడి బస్తా 94 పౌండ్లు, అంటే 43 కిలోలకి కాస్త తక్కువ. మన బస్తా 50 కిలోలు కదా, "ఇక్కడా కోతేనా" అని నాన్న సణుగుడు. చక్రాల బండిలో పొడిగా కలిపి, తర్వాత నీళ్ళు చిలకరించుకుంటూ పారతో తిరగేశాం. నీళ్ళు తెగ తాగుతుంది. అలాగని ఎక్కువసేపు కలపకూడదు, గింజలు చితికిపోతే మళ్ళీ బరువే. తడి ఎంతుండాలో నేను వివరిస్తుంటే గట్టు మీంచి అమ్మ, "పిట్టు పిండిలాగా అని చెప్పరాదూ" అంది. అంతే మరి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కావాలి, వేలితో తడితే విడిపోవాలి.

తాపీ మాత్రం నాన్నకే వదిలేశాను. గుంట అంచులు గీరి, తడిపి, నింపాడు. అంచుకొచ్చేసరికి మణికట్టు వాల్చి, పొరని పలచగా లాగి పాత అడుగులో కలిపేశాడు. అరచేత్తో రుద్దినా అతుకు ఎక్కడుందో దొరకలేదు. అలాగే ఉండాలి, బఠానీ గింజంత రాయి మిగిలినా లైనర్ మీదికి పొడుచుకొచ్చి కాలికి తగులుతుంది.

పేచీ అంతా సిమెంట్ దగ్గరే. "గోరు పెడితే గీత పడుతోంది, ఇదేం నిలుస్తుందిరా?" అంటాడు. నాలుగడుగుల నీళ్ళుంటే చదరపు అడుగు మీద 250 పౌండ్ల బరువు. కానీ అది అంతటా సమానంగా పడుతుంది, మోసేది కింద నేల. ఈ పొర పని మెత్తగా, నున్నగా ఉండడమే. సిమెంట్ పెంచితే గట్టిపడి పగుళ్ళిస్తుంది, ఆ పగులు అంచు లైనర్‌కి శత్రువు. ఇల్లు కట్టించిన మనిషికి బలం తగ్గించమంటే మింగుడు పడుతుందా? చివరి బండి కలిపేటప్పుడు నేను ఫోన్ మాట్లాడుతున్నాను. ఓ చెంబుడు సిమెంట్ అదనంగా పడిందని నా అనుమానం, అడిగితే నవ్వాడు.

రాత్రికి వాన ఉందంటున్నారు, అదొక టెన్షన్. పూల్ ఖాళీగా ఉన్నప్పుడు కింద భూమిలో నీరు పెరిగితే అడుగుని పైకి తోస్తుంది, గోడలు కూడా లోపలికి వంగొచ్చు. పంపు పెట్టి, టార్పాలిన్ కప్పాం. రేపు ఆరాక గరుకు కాగితంతో ఓసారి రుద్ది, ఊడ్చేస్తే అయిపోయినట్టే. మిగిలిన అర సంచి వర్మిక్యులైట్ అమ్మ కరివేపాకు కుండీలకి కావాలని ఇప్పటికే గరాజ్‌లో దాచేసింది.