నాన్న స్టాంపుల ఆల్బమ్‌లు సర్దడానికి నాకు నాలుగు నెలలు పట్టింది

నాన్న పోయిన ఆరు నెలలకి ఆయన స్టాంపుల పెట్టె తెరిచాను. ఏడు ఆల్బమ్‌లు, అడుగున కవర్లలో కుక్కిన విడి స్టాంపులు, రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుపోయిన కట్టలు. చిన్నప్పుడు మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు, చేతి చెమట తగిలితే పాడైపోతాయని. ఆ మాట గుర్తొచ్చి ముందు లేచి వెళ్లి చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని వచ్చి కూర్చున్నాను.

నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను, ఇలాంటి పెట్టె ఇంట్లో ఉన్నవాళ్లకి పనికొస్తుంది. పేజీలు తిప్పితే ఏ క్రమమూ కనిపించలేదు. హంగేరీ పక్కన జపాన్, దాని కింద మూల చిరిగిన స్విట్జర్లాండ్ స్టాంపు, మళ్లీ హంగేరీ. దేశాల వారీగా సర్దేద్దాం అనుకున్నాను. స్టాంపుల గురించి నాకేమీ తెలియదు, చూస్తూ నేర్చుకున్నాను. స్విట్జర్లాండ్ స్టాంపు మీద హెల్వెటియా అని ఉంటుంది, హంగేరీ వాటి మీద మాగ్యార్ అని. రాజుదో రాణిదో తల ఉండి దేశం పేరే లేకపోతే అది బ్రిటన్‌ది. 1840లో వాళ్లు పెన్నీ బ్లాక్ అనే మొట్టమొదటి స్టాంపు తెచ్చినప్పుడు ప్రపంచంలో ఇంకెవరికీ స్టాంపుల్లేవు, పేరు వేయాల్సిన అవసరమే రాలేదు, ఆ పద్ధతి ఇప్పటికీ అలాగే ఉంది. ఇవన్నీ తెలుస్తుంటే హుషారొచ్చి రెండు వారాల్లో మూడు ఆల్బమ్‌లు ఖాళీ చేసి స్టాంపులు దూర్చి పెట్టుకునే కొత్త పుస్తకం, స్టాక్ బుక్ అంటారు, అందులోకి మార్చేశాను.

నాలుగో ఆల్బమ్‌లో ఒక స్టాంపు తీస్తే దాని కింద పెన్సిల్‌తో సన్నగా ఒక తేదీ, పక్కన ‘శ’ అని ఒక్క అక్షరం. పక్కది తీశాను, దాని కిందా అంతే. వెంటనే ఆ ఖాళీ చేసిన ఆల్బమ్‌లు తెచ్చి దీపం దగ్గర పెట్టి చూస్తే ప్రతి గడిలోనూ ఉన్నాయి, నేను గమనించలేదు. నాన్న దేశాల లెక్కన పెట్టలేదు. ఏ రోజు వచ్చిందో ఆ వరుసలో, ఇచ్చిన మనిషి పేరులో మొదటి అక్షరం రాసుకుని పెట్టారు. అదంతా చేజేతులా చెరిపేశానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తిరిగి పెట్టడం మొదలుపెట్టాను. పేజీ అంతా పసుపు పచ్చగా మారినా స్టాంపు ఉన్న మేర కాగితం తెల్లగా మిగిలింది, కాబట్టి కొలత తెలుస్తుంది. స్టాంపు మీద పోస్టు ముద్రలో తేదీ కనిపిస్తే ఇంకా సులువు, ముద్ర తేదీ కన్నా పెన్సిల్ తేదీ ముందుదైతే ఆ గడి దానిది కాదు. ఇలా ఒక్కో సాయంత్రం నాలుగైదు స్టాంపులు కుదిరేవి, కొన్ని రోజులు ఒక్కటీ కుదిరేది కాదు. మిగతా ఆల్బమ్‌లు మాత్రం ఒక్క స్టాంపు కూడా కదపకుండా ముందు ప్రతి పేజీకీ ఫోటో తీశాను.

మధ్యలో విసుగొస్తే అడుగున ఉన్న విడి స్టాంపుల పని పట్టేదాన్ని. కవరు ముక్కతో సహా గోరువెచ్చని నీళ్లలో వేస్తే పదిహేను ఇరవై నిమిషాలకి జిగురు కరిగి స్టాంపు దానంతటదే జారుతుంది, లాగకూడదు. తీసి బొమ్మ కిందికి వచ్చేలా అద్దుడు కాగితం మీద పరిస్తే అంచులు చుట్టుకుంటాయి, ఆరాక లావు పుస్తకం కింద పెడితే సాపవుతాయి. ఎర్ర కవరు ముక్క ఒకటి చూసుకోకుండా అన్నిటితో కలిపి వేశాను, రంగు దిగి పన్నెండు స్టాంపులు గులాబీ రంగుకి తిరిగాయి. ఈ మధ్యవి స్టిక్కర్ లాంటివి, చాలావరకు నీళ్లకి ఊడవు, వాటిని చుట్టూ కొంచెం కాగితం ఉంచి కత్తిరించి పెట్టేశాను.

ఈలోగా తెలిసినాయన ఒకరు వచ్చి మొత్తం పెట్టె కొంటానన్నారు. నెల క్రితమైతే ఇచ్చేసేదాన్నేమో, అప్పుడు మాత్రం ఆయన చెప్పిన ధర వినగానే కోపం వచ్చింది. 1990లో కానెమన్, నెట్ష్, థేలర్ అనే పరిశోధకులు ప్రచురించిన కప్పుల ప్రయోగం గురించి ఎప్పుడో చదివాను. అప్పుడే చేతికిచ్చిన మామూలు కప్పుకి కూడా, అది అందినవాళ్లు అడిగిన ధర కొనేవాళ్లు ఇస్తామన్నదానికి దాదాపు రెట్టింపు ఉందట. కాసేపు దగ్గరున్న కప్పుకే అంత పట్టు ఉంటే నలభై ఏళ్లు తేదీలు రాసుకుంటూ పెంచినదాన్ని ఏ ధరకి ఇవ్వాలి? ఇవ్వనని చెప్పేశాను.

అక్షరాల సంగతి అమ్మనడిగాను. సగం మంది పేర్లు వెంటనే చెప్పింది, ఒకరి గురించి చెప్తూ ఏడ్చింది కూడా. ‘శ’ మాత్రం తెలియలేదు. నలభై ఒక్క స్టాంపులు ఆ అక్షరం మీదే ఉన్నాయి, ఎక్కువ హంగేరీవి, ఆ చిరిగిన స్విట్జర్లాండ్‌ది కూడా. చివరికి నాన్నతో పనిచేసిన ఒకాయన ఫోన్ నంబరు పాత డైరీలో దొరికితే చేశాను. "నేనేనమ్మా ఆ ‘శ’, మా అన్నయ్య విదేశాల నుంచి రాసేవాడు, ఆ ఉత్తరాల మీదవి మీ నాన్నకిచ్చేవాణ్ణి" అన్నారు. స్విట్జర్లాండ్ స్టాంపు ఫోటో పంపితే వెంటనే తిరిగి ఫోన్ చేశారు.

"ఇంకా ఉందా అది? తొందరలో కవరు మీంచి లాగేస్తే మూల చిరిగింది. పారెయ్యమని అప్పుడే చెప్పాను మీ నాన్నకి."