కోడ్ ఇచ్చారు సరే, మన డేటా సంగతేంటి?

ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకునేలా ఇచ్చే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి పెట్టే జీపీఎల్ లైసెన్సులో ఒక లొసుగు ఉంది, ప్రోగ్రాం కాపీని ఎవరికైనా ఇస్తేనే సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) కూడా ఇవ్వాలి, కానీ దాన్ని సొంత సర్వర్లో పెట్టుకుని వెబ్‌సైట్‌లా నడిపితే ఎవరికీ కాపీ ఇచ్చినట్టు కాదు కదా, సో కోడ్ ఎంత మార్చుకున్నా చూపించక్కర్లేదు. దీనికి మందుగానే 2007లో ఏజీపీఎల్ (జీపీఎల్ లాంటిదే ఇంకో లైసెన్సు) మూడో వెర్షన్ వచ్చింది, మార్చిన ప్రోగ్రాంని నెట్‌లో వాడేవాళ్లకి కూడా సోర్స్ అందుబాటులో పెట్టాలి. ఊరికే కాగితం మీద రూల్ కాదండోయ్, 2021లో ట్రంప్ కంపెనీ సోషల్ మీడియా సైట్ ట్రూత్ సోషల్, మాస్టడాన్ (ఎవరి సర్వర్లో వాళ్లు నడుపుకోగల సోషల్ నెట్‌వర్క్ ప్రోగ్రాం, ఏజీపీఎల్ కిందే ఉంది) కోడ్ వాడుకుని సోర్స్ ఇవ్వకపోతే మాస్టడాన్ వాళ్లు లెటర్ పంపారు, తర్వాత ట్రూత్ సోషల్ వాళ్లు సోర్స్‌ని ఓ జిప్ ఫైల్‌గా పెట్టారు.

నాకైతే ఇది సగం పనే అనిపిస్తుంది. కోడ్ మొత్తం చేతికొచ్చినా నా ఫొటోలు, మెసేజ్‌లు వేరేవాళ్ల సర్వర్లోనే ఉంటే ఏం చేసుకోను? మాస్టడాన్‌లోనే చూడండి, సర్వర్ మారితే ఫాలోవర్లు కొత్త అకౌంట్‌కి వస్తారు గానీ పాత పోస్టులు రావు, అక్కడే ఉండిపోతాయి.

అలాగని అందరూ సొంత సర్వర్ పెట్టుకోండి అనలేను, మా బావ లాంటోళ్లకి పాస్‌వర్డే గుర్తుండదు, ఇంక బ్యాకప్‌లు ఎవడు చూస్తాడు. నలుగురు కలిసి ఒక నెక్స్ట్‌క్లౌడ్ (ఫైళ్లు, ఫొటోలు సొంత సర్వర్లో దాచుకునే ప్రోగ్రాం, అదీ ఏజీపీఎలే) పెట్టుకుని ఖర్చు పంచుకోవడమే నాకు తోచింది, కాకపోతే అడ్మిన్ ఎవరన్న దగ్గరే గొడవ మొదలవుద్ది.