డొక్కలు ఎగరేసిన రాత్రి

మా బాబు ఇప్పుడు రాత్రంతా దగ్గకుండా నిద్రపోతున్నాడు. అందుకే ఇది రాసే ధైర్యం వచ్చింది.

హైదరాబాద్‌లో ఇల్లు మారాక మొదలైంది. పగలంతా ఆటలే, అర్ధరాత్రి దాటితే పొడిదగ్గు. సిరప్పులు, రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అన్నీ అయ్యాయి.

డిసెంబరులో ఒక రాత్రి దగ్గు తగ్గి ఆయాసం పట్టుకుంది. చొక్కా ఎత్తి చూస్తే డొక్కలు ఎగరేస్తున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది. ‘అమ్మా’ అని ఆగి, ఊపిరి పీల్చుకుని, ‘నీళ్లు’ అన్నాడు. ఆసుపత్రికి పరుగెత్తితే డ్యూటీ డాక్టరు ఫోను మీంచి తల ఎత్తకుండానే, ‘మొదటి బిడ్డా? అందుకే ఇంత కంగారు’ అన్నాడు. నర్సమ్మ వాడి వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ 88 అని చదివాక గానీ ఆయన కుర్చీ వదల్లేదు. ఆ మాటను నేను ఈ జన్మలో క్షమించను. ఆ నర్సమ్మ మాత్రం మందును పొగమంచులా పీల్పించే నెబ్యులైజర్ మాస్కు పట్టుకుని, కుందేలు కథ చెబుతూ వాడి పక్కనే నిలబడింది. ఆమె కడుపు చల్లగా ఉండాలి.

తర్వాత చూపించిన డాక్టరమ్మ ఆస్తమా అని చెప్పి, ఇన్‌హేలర్ రాసి, ‘పిల్లాడి గదిలో నేల మీద ఏం వేశారు?’ అని అడిగారు. గచ్చు పగుళ్లు కనబడకుండా ఇంటాయన పీవీసీ షీటు అతికించి ఇచ్చాడు. ఎండ పడితే ఘాటు వాసన. బాబు దాని మీదే బొర్లా పడుకుని కార్లు తోసేవాడు, అవే చేతులు నోట్లో పెట్టుకునేవాడు. ఆ ప్లాస్టిక్ షీటు మెత్తగా ఉండటానికి థాలేట్లనే రసాయనాలు కలుపుతారు. అవి ప్లాస్టిక్‌తో గట్టిగా కలిసిపోవు, మెల్లగా బయటికొచ్చి ఇంటి దుమ్ములో చేరతాయి. 2004లో స్వీడన్‌లో ఆస్తమా, అలర్జీలున్న 198 మంది పిల్లల పడకగదుల దుమ్మును, ఏ బాధా లేని 202 మంది పిల్లల గదుల దుమ్ముతో పోల్చారు. డీఈహెచ్‌పీ అనే థాలేటుకూ ఆస్తమాకూ సంబంధం కనిపించింది. ‘మీ వాడికి కారణం ఇదేనని నేను చెప్పలేను, తీసేస్తే మాత్రం మంచిది’ అన్నారావిడ. ఆ నిజాయితీ నాకెంతో నచ్చింది.

ఇంటాయన ‘అందరూ వేయించుకుంటున్నదే కదమ్మా’ అని చేతులు దులుపుకున్నాడు. మా డబ్బుతోనే పీకించాం. పొడి చీపురు మానేసి తడిగుడ్డ పెడుతున్నాం. దోమల చుట్టలు బయట పారేశాం. మా అత్తయ్య తన సాంబ్రాణి ధూపం కూడా మానుకున్నారు, ఆ వయసులో అది చిన్న సంగతి కాదు.

‘ఇన్‌హేలర్ అలవాటైతే ఇక వదలదు’ అని భయపెట్టే బంధువులు మీకూ ఉంటారు. దయచేసి వినకండి. అందులో ఉండేది చాలా కొద్ది మందు, నేరుగా ఊపిరితిత్తులకే వెళుతుంది. షీటు తీసేశాం కదా అని మేము మందు ఆపలేదు. బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే తెల్లవారేదాకా ఆగకండి, ఎవరు ఏమన్నా సరే.

మొన్న డాక్టరమ్మ మోతాదు తగ్గించారు. వేసవిలో తిరుమల వెళ్లి వాడి తలనీలాలు ఇస్తాం, అత్తయ్య మొక్కు అది. ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టం స్పేసర్ చేతిసంచిలోనే పెట్టుకుని వెళతాం.