ఐఈపీ మీటింగు: తేదీలు, నిమిషాలు, సంతకాలు

మన దగ్గర ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసి అమెరికా బడులకు వచ్చే స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లకు ఐఈపీ (ఒక్కో పిల్లవాడికీ విడిగా రాసే విద్యా ప్రణాళిక) అన్న మాట కొత్తేమీ కాదు. ఆ కాగితానికి ఇక్కడున్న చట్టబలమే కొత్త. వారానికి రెండుసార్లు, ముప్పై నిమిషాల చొప్పున చదవడం నేర్పిస్తామని రాశామంటే నేర్పించి తీరాలి. పిల్లవాడికి అది హక్కు.

చేరిన మొదటి వారంలోనే మీకు అప్పగించిన ప్రతి పిల్లవాడికీ రెండు తేదీలు రాసిపెట్టుకోండి: కిందటి వార్షిక మీటింగు ఎప్పుడు జరిగింది, పిల్లవాడికి ప్రత్యేక సేవలు అవసరమా అని తేల్చే మూల్యాంకనం కిందటిసారి ఎప్పుడైంది. ఇలాంటి పిల్లల చదువుకు సంబంధించిన అమెరికా చట్టం ఐడీఈఏ ప్రకారం మీటింగు కనీసం ఏడాదికోసారి జరగాలి. మూల్యాంకనం కనీసం మూడేళ్లకోసారి చేయాలి. అక్కర్లేదని తల్లిదండ్రులు, బడి ఇద్దరూ ఒప్పుకుంటేనే మినహాయింపు. కొత్త పిల్లలకైతే తల్లిదండ్రుల సమ్మతి అందిన 60 రోజుల్లో మూల్యాంకనం ముగించాలి. రాష్ట్రం సొంత గడువు పెట్టుకుంటే అదే వర్తిస్తుంది. టెక్సస్‌లో సాధారణంగా 45 బడి రోజులు. అర్హత తేలాక 30 రోజుల్లో ఐఈపీ మీటింగు పెట్టాలి. గడువు డిసెంబరు సెలవుల్లో పడితే జనవరికి వాయిదా పడదు, సెలవులకు ముందే మీటింగు పెట్టుకోవాలి. అందుకే ఐదారు వారాల ముందునుంచే పని మొదలుపెట్టడం మేలు. తల్లిదండ్రులకు ఫోన్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం, వాళ్లేమన్నారో రాసుకోండి. వాళ్లు రాకుండా మీటింగు జరపాల్సి వస్తే బడి చూపించాల్సింది ఆ రికార్డునే.

మీటింగులో ఎక్కువగా జరిగే పొరపాటు, గంట కొట్టగానే జనరల్ టీచర్ (మామూలు తరగతి చెప్పేవారు) లేచి వెళ్లిపోవడం. సభ్యులు మధ్యలో వెళ్లాలన్నా తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ఉండాలి. ఆ టీచర్ సబ్జెక్టు చర్చకు వచ్చేదైతే ఆయన అభిప్రాయం కూడా ముందే రాతలో అందాలి.

ప్రస్తుత స్థాయి రాసేచోట "చదువులో వెనుకబడ్డాడు" అంటే చాలదు. "రెండో తరగతి పాఠం నిమిషానికి 42 పదాలు తప్పు లేకుండా చదివాడు, మూడు పాఠాల సగటు" అని రాయండి. అప్పుడు లక్ష్యం కూడా అదే కొలతలో వస్తుంది: ఫలానా తేదీకి అదే స్థాయి పాఠం నిమిషానికి 70 పదాలు, రెండు వారాలకోసారి పరీక్ష. మొదలు పదాల్లో, లక్ష్యం శాతాల్లో ఉంటే పిల్లవాడు ఎదిగాడో లేదో ఎవరూ చెప్పలేరు. సేవల దగ్గర "అవసరాన్ని బట్టి" అన్న మాట అసలు వద్దు. ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు, ఎక్కడ, ఏ తేదీ నుంచి అన్నవి నాలుగూ ఉండాలి.

ముందుగా తయారుచేసుకున్న ప్రతి పేజీ మీదా డ్రాఫ్ట్ అని ఉండాలి. "ఇది ఎప్పుడో నిర్ణయించేశాం" అన్న ఒక్క మాట చాలు, తల్లిదండ్రులను పక్కనపెట్టారన్న ఫిర్యాదుకు. వాళ్లు అడిగినదాన్ని బడి కాదంటే ఆ సంగతీ ప్రయర్ రిటెన్ నోటీసులో (బడి నిర్ణయాన్ని, దాని కారణాలను తల్లిదండ్రులకు ముందే రాసిచ్చే కాగితం) రాయాలి. పిల్లవాడికి విడిగా ఒక సహాయకురాలు కావాలని తల్లి అడిగింది, వద్దన్నారు అనుకోండి. ఎందుకు వద్దన్నారు, ఏ డేటా చూశారు, ఇంకేం ఆలోచించి కాదనుకున్నారు అన్నవన్నీ అందులో కనిపించాలి. ఎక్కువగా ఖాళీగా మిగిలేది ఆ చివరి గడే.

మన తెలుగు తల్లిదండ్రులు టీచర్ మీద గౌరవంతో "మీరెలా చెబితే అలా మేడమ్" అని చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తుంటారు. హాజరు సంతకం వేరు, సమ్మతి సంతకం వేరని ముందే విడమరిచి చెప్పాలి. మొదటిసారి సేవలు మొదలుపెట్టాలంటే వాళ్ల రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. మీకు తెలుగొచ్చినా దుబాసీని వేరే అడగండి. టీచరుగా మాట్లాడుతూ అనువాదమూ చేస్తుంటే రెండూ సగం సగమే అవుతాయి. ప్రిన్సిపాల్ ముందు మౌనంగా ఉండటం కూడా మనకు అలవాటే. ఆ గదిలో పిల్లవాడి డేటా మీ చేతిలో ఉంది, మీరే నోరు విప్పాలి.

మీటింగు అయ్యాక తల్లిదండ్రులకు ఐఈపీ కాపీ ఇవ్వండి. ఆ పిల్లవాడికి పాఠం చెప్పే ప్రతి టీచరుకూ వాళ్లు చేయాల్సిన మార్పుల పేజీ అందించి, అందినట్టు సంతకం తీసుకోండి. సెలవు పెట్టిన టీచర్ స్థానంలో వచ్చేవాళ్ల ఫోల్డర్‌లో ఆ పేజీ ఉందో లేదో కూడా చూడండి.