ప్రతి గడికీ పేరు ఉండాలి

వెబ్ ఫారంలో ఒక గడి పైన 'తండ్రి పేరు' అని రాసి ఉంటే, అది ఆ గడికి సంబంధించినదేనని చూపున్నవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చూపులేనివారికి తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అయిన స్క్రీన్ రీడర్ మాత్రం తెర మీద ఏది దేని దగ్గర ఉందో చూడదు. పేజీ కోడ్‌లో ఆ పేరుకూ ఆ గడికీ ముడి వేసి ఉందా లేదా అన్నదే దానికి ముఖ్యం. ఆ ముడి లేనప్పుడు, ట్యాబ్ నొక్కుకుంటూ గడిలోకి వచ్చిన చూపులేని విద్యార్థికి ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ 'ఎడిట్, బ్లాంక్' అని చెప్పి ఊరుకుంటుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఇలాంటి గడులు వరసగా ఉంటే, ప్రతిసారీ వెనక్కి వెళ్లి చుట్టూ ఉన్న అక్షరాలను చదివించుకుని, ఏది ఎక్కడ నింపాలో ఊహించుకోవలసి వస్తుంది. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది, ఎందుకంటే దీని పరిష్కారం 1997లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) 4.0 నుంచీ మన చేతిలోనే ఉంది: గడికి ఒక ఐడీ ఇచ్చి, పేరును లేబుల్ ట్యాగ్‌లో పెట్టి, ఆ ట్యాగ్‌లోని 'ఫర్' దగ్గర అదే ఐడీ రాస్తే చాలు. పేరు మీద నొక్కినా కర్సర్ గడిలోకి వెళ్తుంది కాబట్టి, చేతులు వణికే పెద్దవారికీ ఇది మేలు చేస్తుంది.

లేబుల్ తీసేసి, ఖాళీ గడి లోపల లేతగా కనిపించే ప్లేస్‌హోల్డర్ అక్షరాలతో సరిపెట్టడం మంచిది కాదు. టైప్ చేయడం మొదలుపెట్టగానే అది తెర మీద కనిపించదు. చూపు మందగించినవారికి ఆ లేత బూడిద రంగు ముందే ఆనదు.

పేరు కన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేవి సూచనలు. 'పదో తరగతి మార్కుల మెమోలో ఉన్నట్టే పేరు రాయండి' అన్న వాక్యాన్ని గడి కింద మామూలు పేరాగా పెడితే, ట్యాబ్‌తో గడి నుంచి గడికి వెళ్లేవారికి అది వినిపించదు, ఎందుకంటే ట్యాబ్ పేరాల దగ్గర ఆగదు. ఆ వాక్యానికి ఐడీ ఇచ్చి, గడి కోడ్‌లో 'ఏరియా-డిస్క్రైబ్డ్‌బై' (aria-describedby) అనే యాట్రిబ్యూట్ ద్వారా జతచేస్తే, స్క్రీన్ రీడర్ పేరు చెప్పిన తరువాత సూచన కూడా చదువుతుంది. తప్పును ఎర్ర అంచుతో మాత్రమే చూపించడం కూడా ఇలాంటి లోపమే. 'పిన్ కోడ్‌లో ఆరు అంకెలు ఉండాలి' అన్న సందేశాన్ని ఆ గడికే ముడివేసి, గడిలో తప్పుందని స్క్రీన్ రీడర్‌కు తెలిపే 'ఏరియా-ఇన్‌వాలిడ్' (aria-invalid) పెట్టి, సబ్మిట్ నొక్కగానే కర్సర్‌ను మొదటి తప్పు దగ్గరికి చేర్చాలి. 'అవును', 'కాదు' అనే రేడియో బటన్లకు అసలు ప్రశ్న ఫీల్డ్‌సెట్‌లోని (బటన్లను ఒక గుంపుగా చేర్చే ట్యాగ్) లెజెండ్‌గా, అంటే ఆ గుంపు శీర్షికగా ఉండాలి. లేకపోతే దేనికి అవునంటున్నారో వారికే తెలియదు.

మన తెలుగు ఫారాలలో ఇంకొక సమస్య ఉంది. పేజీ భాష ఇంగ్లీషు అని కోడ్‌లో వదిలేసి గడుల పేర్లు తెలుగులో రాస్తే, స్క్రీన్ రీడర్ వాటిని ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడవచ్చు, కొన్నిసార్లు అసలు పలకకపోవచ్చు. 'లాంగ్' యాట్రిబ్యూట్‌లో తెలుగు కోడ్ పెడితే, ఈస్పీక్ ఎన్‌జీ (అక్షరాలను మాటలుగా పలికే సాఫ్ట్‌వేర్) వంటి తెలుగు వచ్చిన గొంతుకు మారే వీలుంటుంది. రెండు భాషలు కలిసిన పేజీలో ఏ భాగానికి ఆ భాగం విడిగా గుర్తించాలి.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ కేవైసీ (ఆన్‌లైన్‌లో వినియోగదారుల గుర్తింపు తనిఖీ) కేసులో తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. కనుక ఈ పనిని దయగా చేసే అదనపు సేవగా చూడడం సరికాదు.

ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. దానిని ఇన్‌స్టాల్ చేసి, మానిటర్ ఆపి, మౌస్ పక్కన పెట్టి, మీరు తయారు చేసిన ఫారాన్ని ఒకసారి నింపండి. కావాలనే ఒక తప్పు చేసి సబ్మిట్ నొక్కండి. ఎక్కడ ముందుకు వెళ్లలేక ఆగిపోయారో, సవరణ ఆ గడితోనే మొదలుపెట్టండి.